తిరుపతిలో కార్పొరేషన్ తోట కోసం అర్జీ: సెంటు మడి ఎవరికి, నీళ్లు ఎక్కడివి?

కొర్లగుంట_అద్దెఇల్లు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మేము కొర్లగుంటలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటాం. పుత్తూరు దగ్గర పల్లెలో పెరిగినదాన్ని. మా అమ్మ దొడ్లో బీరపాదు, చిక్కుడు పందిరి, కరివేపాకు చెట్టు లేని రోజు నేను చూడలేదు. ఇక్కడ మెట్ల మీద ఆరు గ్రో బ్యాగులు పెట్టుకున్నాను. నెల తిరక్కుండానే స్లాబు నెమ్మెక్కుతుందని ఇంటివాళ్లు తీసేయమన్నారు, వాళ్ల భయం వాళ్లది. తోటకూర అప్పుడే జానెడు ఎత్తు వచ్చింది, పీకి వండేశాను.

నేను అడిగేది ఒకటే. నగరంలో కార్పొరేషన్ చేతిలో ఖాళీ స్థలాలు ఉన్నాయి. వాటిలో ఒక్క అరెకరం తీసుకుని, సెంటు చొప్పున మడులు చేసి, సొంత నేల లేని కుటుంబాలకు ఏడాదికోసారి లాటరీ తీసి ఇవ్వాలి. ముప్ఫై మడులు పోగా మిగిలిన ఇరవై సెంట్లలో దారులు, బోరు, ఎరువు గుంట, నీడకు నాలుగు చెట్లు. ఇది వింత కోరిక కాదు. ఇంగ్లండులో 1908లోనే దీనికి చట్టం చేశారు. ఏ ఊళ్లోనైనా ఆరుగురు ఓటర్లు కలిసి రాసిస్తే చాలు, కౌన్సిల్ ఆ కోరికను పరిశీలించి తీరాలి. అక్కడ ఒక్కో మడి సుమారు 250 చదరపు మీటర్లు, అంటే మన ఆరు సెంట్ల పైమాటే. మనకు అంత వద్దు, సెంటు చాలు.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాను. ముందు ఇక్కడ ఆరుగురు దొరుకుతారా?

అగ్రికాలేజీ_అమ్మాయి

అక్కా, నేను రెండోదాన్ని. హాస్టల్లో ఉంటాను కాబట్టి మడి అడగను, పని చేయడానికి వస్తాను.

బైరాగిపట్టెడ_వాసి

అమ్మా, మీ ఆశ మంచిదే. కానీ కళ్లారా చూసింది చెప్పాలి కదా. మా దగ్గర ఒక చిన్న పార్కు పెట్టారు. పచ్చిక, నడక దారి, మధ్యలో ఫౌంటెన్, ప్రారంభం రోజు షామియానా, అందరికీ స్వీట్లు. రెండో ఎండాకాలానికి మోటారు కాలిపోయింది. బాగు చేయమని నేనే నాలుగుసార్లు తిరిగాను, బడ్జెట్ లేదన్నారు. గడ్డి ఎండింది, మొక్కలు ఎండాయి, ఇప్పుడు అందులో టూరిస్టు వ్యాన్లు నిలుపుతున్నారు.

పార్కులో గడ్డి ఎండితే ఎవరికీ గుండె తరుక్కుపోదు. మీరు నాటిన వంగ చెట్టు పూత మీద ఎండిపోతే మీకు ఎలా ఉంటుందో ఆలోచించండి. గంగ జాతర రోజులకి మన ఊళ్లో బోర్ల సంగతి అందరికీ తెలుసు. మే నెలలో నీళ్లు ఎవరు పోస్తారో, ఏ నీళ్లు పోస్తారో చెప్పండి, అప్పుడు సంతకం పెడతాను.

పాత_వ్యవసాయాధికారి

బైరాగిపట్టెడ వారి ప్రశ్నే అసలు ప్రశ్న. ముప్ఫై ఏళ్లు పల్లెల్లో తిరిగిన అనుభవంతో లెక్క వేసి చూపిస్తాను.

ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, సుమారు 40 చదరపు మీటర్లు. మన ఎండల్లో కూరగాయ మడికి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లన్నా కావాలి. అంటే సెంటుకి 200 లీటర్లు, మన ఇళ్లకు వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు పది. ముప్ఫై మడులకి 6,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు రోజూ ఒకటి వచ్చినా చాలదు. తాగునీటికే కల్యాణి డ్యాం వైపు, తెలుగుగంగ వైపు చూసే ఊరు మనది. తోటకి ట్యాంకరు అడిగితే ఏ అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

అయితే దారి ఉంది. మొదటిది, డ్రిప్పు వేసి నేల మీద మందంగా ఆచ్ఛాదన పరిస్తే ఈ అవసరం దాదాపు సగానికి తగ్గుతుంది. చెనిక్కాయ పొట్టు, చెరుకు ఆకు మన జిల్లాల్లో దొరకనివి కావు. రెండోది, ఏప్రిల్, మే నెలల్లో అన్ని మడులూ వేయాలని పట్టు పట్టకూడదు. మూడింట రెండు వంతుల నేలలో జనుము, అలసంద చల్లి నేలను కప్పేసి, మిగిలిన దాంట్లో అందరూ కలిసి ఆకుకూర వేసుకోవాలి. రైతు ఎండాకాలం పొలానికి విశ్రాంతి ఇస్తాడు కదా, తోటకీ అదే. మూడోది, మన వాన అంతా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే ఎక్కువ పడుతుంది. అప్పుడు స్థలంలో పడ్డ నీళ్లు కాలువలోకి పోకుండా బోరు పక్కనే ఇంకుడు గుంటలోకి మళ్లించాలి. ఈ మూడూ అర్జీలో రాస్తే నేను మూడో మనిషిని.

గూడూరు_నుంచి

సెంటు లెక్క ఎందుకు, అంకణాల్లో చెప్పండి, అందరికీ తెలుస్తుంది. సెంటంటే ఆరు అంకణాలు. అంత చిన్న మడిలో ఏం పండుతుంది?

పాత_వ్యవసాయాధికారి

అయ్యా, మీ వైపు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతిలో 36 మాత్రమే. ఇక్కడ సెంటంటే పన్నెండు అంకణాలు. అందుకే అర్జీలో అంకణం మాట వద్దు, సెంట్లు రాసి పక్కన చదరపు మీటర్లు రాయండి. నెల్లూరు నుంచి కొన్ని మండలాలు వచ్చి 2022లో తిరుపతి జిల్లా ఏర్పడింది, ఆఫీసులో ఎవరు ఏ లెక్కలో చదువుకుంటారో చెప్పలేం.

ఏం పండుతుందన్న దానికి జవాబు: అయిదుగురున్న ఇంటికి ఏడాది పొడుగునా అన్ని కూరగాయలూ రావాలంటే అయిదు సెంట్లు కావాలి. సెంటులో ఆకుకూరలు, పచ్చిమిర్చి, నాలుగు వంగ చెట్లు, కంచె మీదికి ఒక బీరపాదు, ఒక కాకరపాదు. ఇంతకు మించి ఆశ పెట్టకండి. ఎక్కువ చెబితే రెండో ఏడాది ఎవరూ రారు.

లాయరు_చిత్తూరు

నేను చిత్తూరులో ఉంటాను, మాకూ ఇలాంటిది కావాలి కాబట్టి జాగ్రత్తగా చదివాను. స్థలం విషయంలో రెండు మాటలు.

లేఅవుటు వేసేటప్పుడు పదిశాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. మీరు అడగబోయేది చాలావరకు ఆ స్థలాలే. అవి ఆ కాలనీ అందరివీ. పార్కుకు ఉంచిన జాగాను ఆసుపత్రి కట్టుకోవడానికి ప్రైవేటు వాళ్లకు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అది బెంగళూరు కేసు. కాబట్టి ముప్ఫై కుటుంబాలకు నేల రాసిచ్చినట్టు ఉంటే, ఆ కాలనీలో ఒక్కరు కేసు వేసినా తోట ఆగిపోతుంది. కౌలు అనే మాట ఎక్కడా రాయకండి. ఏడాది అనుమతి అని రాయండి. దారులు అందరికీ తెరిచి ఉండాలి, బెంచీలు ఉండాలి, పెద్దవాళ్లు సాయంత్రం వచ్చి కూర్చోవాలి. గేటుకి తాళం వేసి తాళంచెవి సభ్యుల దగ్గర పెట్టుకునే పద్ధతి అసలు వద్దు.

రెండోది, చెరువు పోరంబోకు జోలికి పోవద్దు. ఖాళీగా, పదునుగా, ఒండ్రుమట్టితో కళ్లకు ఇంపుగా కనబడతాయి. 2011లో పంజాబు కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి చెరువు జాగాల్లో ఆక్రమణలు తీసేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కోర్టు సంగతి అటుంచినా, 2021 నవంబరు వానకి మీ ఊళ్లో లోతట్టు కాలనీలు ఎలా మునిగాయో నాకంటే మీకే బాగా తెలుసు. నీళ్లు నిలవాల్సిన చోట మడి కట్టకూడదు.

నాది తిరుపతిలో ఓటు కాదు, సంతకం పెట్టలేను. అర్జీ చూసి దిద్దిపెడతాను.

మెప్మా_పెద్దక్క

నాలుగో సంతకం నాది. నేను పొదుపు సంఘం నడుపుతాను. ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ అనలేదు. మడి కావాలంటే ఏం కాగితాలు అడుగుతారు? ఇంటి పన్ను రసీదు అడిగారంటే అద్దెవాళ్లందరూ పోయినట్టే, సొంత ఇల్లు, సొంత మేడ ఉన్నవాళ్లకే మళ్లీ మడి వస్తుంది. ఆధార్, ఈ నగరంలో ఉంటున్నట్టు ఏదో ఒక ఆధారం చాలని రాయండి.

ఇంకోటి, మా సంఘాల్లో ఆడవాళ్లు చాలామంది తెల్లారి నాలుగింటికే పూలు కట్టడానికి, హోటళ్లలో పనికి పోతారు. వాళ్లు మడి దగ్గరికి రాగలిగేది సాయంత్రం ఆరు తర్వాత. లైట్లు లేకపోతే రారు, మరుగుదొడ్డి లేకపోతే అరగంట కూడా ఉండరు.

అమ్ముకోవడానికి ఒప్పుకోవాలి. మా సంఘంలో పదిమంది ఆకుకూర కట్టలు కట్టి వీధిలో అమ్ముకుంటే రోజుకి వంద రూపాయలైనా వస్తాయి కదా.

మట్టిమనిషి_వడమాలపేట

అక్కా, ఆ ఆఖరి మాట దగ్గరే నాకు కష్టంగా ఉంది.

నాది ఎకరంన్నర. వంగ, బెండ, కొంచెం టమాటా వేస్తాను. రాత్రి రెండింటికి లేచి కోసింది గంపల్లో సర్ది, తెల్లారేసరికి తిరుపతి రైతుబజారుకి తెస్తాను. 1999లో రైతుబజార్లు పెట్టింది మధ్యలో దళారి లేకుండా మాలాంటోళ్లు నేరుగా అమ్ముకుంటారనే. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు టీవీలన్నీ మా గురించి మాట్లాడాయి. అదే టమాటా రెండు మూడు రూపాయలకు పడిపోయి కోత కూలి కూడా రానప్పుడు తోటలోనే వదిలేసిన ఏళ్లు చాలా ఉన్నాయి. అప్పుడు ఎవరూ రాలేదు.

ఇప్పుడు కార్పొరేషన్ స్థలం, కార్పొరేషన్ బోరు, కరెంటు బిల్లు లేదు, కౌలు లేదు, అలాంటి చోట పండిన బెండకాయ మా బెండకాయ పక్కన పెట్టి అమ్మితే మేం ఏం కావాలి? ముప్ఫై మడులతో మార్కెట్ పడిపోతుందని నేను అనడం లేదు. మొదలు పెట్టిన పద్ధతి ఎటు పోతుందో అదే నా దిగులు. తినడానికి పండించుకోండి, ఇరుగుపొరుగుకు పెట్టండి, నేనే నారు ఇస్తాను. అమ్మకం వద్దు.

కొర్లగుంట_అద్దెఇల్లు

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నాయన కూడా చెనిక్కాయ రైతే. అమ్మకం ఉండదని అర్జీలోనే రాస్తాను.

పెద్దక్కా, మీ మాట కొట్టేస్తున్నానని అనుకోవద్దు. రోజుకి వంద రూపాయలు రావాలంటే సెంటు మడి చాలదు, ఆశ చూపించి నిరాశ పెట్టినట్టు అవుతుంది. కానీ తోటకి నారు కావాలి, ఎరువు కావాలి. ఆ రెండూ మీ సంఘం దగ్గర డబ్బులిచ్చి కొనాలని రాద్దామా?

మెప్మా_పెద్దక్క

నారుమడి మాకిస్తే సరే. అమ్మకం విషయంలో మాత్రం నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. మిగిలిపోయిన ఆకుకూర పారేసే బదులు అమ్మితే తప్పేముంది? సరే, ఇప్పటికి ఒప్పుకుంటున్నాను. ఏడాది తర్వాత మళ్లీ అడుగుతాను.

జీవకోన_కుర్రోడు

స్థలం మా వైపు మాత్రం చూడకండి. కొండ పక్కన పచ్చగా ఉంటుందని అనిపిస్తుంది. కోతులు కపిలతీర్థం వైపు నుంచి గుంపులుగా వస్తాయి, జామ పిందెలు కూడా మిగల్చవు. మా పక్కింటాయన నెట్టు కట్టాడు, దాన్ని చింపి లోపలికి వచ్చాయి. అడవి పందులు చిలగడదుంప వాసన పట్టాయంటే రాత్రికి రాత్రే మడి తవ్వేస్తాయి. ఇంక చిరుతలు యూనివర్సిటీ ఆవరణ వరకు వచ్చిన వార్తలు మీరందరూ చదివే ఉంటారు. సాయంత్రం ఆరు తర్వాత ఆడవాళ్లు వస్తారని పెద్దక్క అంటున్నారు, అలాంటప్పుడు ఊరి మధ్యలో, నాలుగిళ్ల నుంచి కనబడే చోటే మంచిది. కొర్లగుంట, ఎం.ఆర్.పల్లి, తుమ్మలగుంట దారి, ఇట్లాంటి చోట్ల చూడండి. అయిదో సంతకం వేసుకోండి.

అగ్రికాలేజీ_అమ్మాయి

ఊరి మధ్యలో అంటే మట్టి పరీక్ష తప్పనిసరి. ఖాళీ స్థలాల్లో ఏళ్ల తరబడి ఇళ్లు పగలగొట్టిన రాళ్లు, పాత రంగు పెచ్చులు, బ్యాటరీలు, టైర్లు తగలబెట్టిన బూడిద పోసి ఉంటారు. పాత రంగుల్లో సీసం ఉండేది. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉప్పు, పుల్లదనం చూస్తారు కానీ సీసం, కాడ్మియం చూడరు, వాటిని విడిగా అడగాలి. ఆకుకూరలు, దుంపలే వీటిని ఎక్కువ పీల్చుకుంటాయి, పిల్లలకు పెట్టేవీ అవే. పరీక్షలో తేడా వస్తే ఆ స్థలం వదిలేయాలి, లేకపోతే బయటి నుంచి మంచి ఎర్రమట్టి తెచ్చి అడుగున్నర ఎత్తు మడులు కట్టాలి. మా సీనియర్లు నవంబరు వానలకి కూడా ఎత్తు మడులే మేలంటారు.

మురుగు నీళ్లు మాత్రం ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోకండి. ముంబైలో రైలు పట్టాల పక్కన మురుగు నీళ్లతో పెంచిన పాలకూర మీద ఎన్నేళ్లు గొడవ జరిగిందో మాకు క్లాసులో చెప్పారు. శుద్ధి చేసిన నీళ్లయినా నీడ చెట్లకే, పచ్చిగా తినే కొత్తిమీరకు కాదు.

ఎరువు గురించి అడిగేవాళ్లకి: జీవామృతం ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, పది కిలోల ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. సెంటుకి రెండు లీటర్లు చాలు, అంటే ఒక్క డ్రమ్ము కలిపితే మూడుసార్లు తోటంతా పోసినా మిగులుతుంది. నిలవ ఉండదు కాబట్టి ఒకేరోజు అందరూ వచ్చి పట్టుకెళ్లాలి. చిన్న డ్రమ్ములో కలుపుకోవడమే మేలు.

టీచరు_కరకంబాడిరోడ్డు

తడిచెత్త ఎరువు సంగతేంటి? తూకివాకంలో కార్పొరేషన్ తడిచెత్త ప్లాంటు ఉంది కదా, ఎరువు మన ఊరి చెత్తదే, మన తోటకే ఇవ్వమని అడగాలి. ఒక షరతు మీద: జల్లెడ పట్టాలి. ఒకసారి మా బడి మొక్కలకు ఎక్కడిదో ఎరువు తెప్పిస్తే అందులో గాజు పెంకు వచ్చి పిల్లాడి వేలు తెగింది. తడి పొడి వేరుచేయకుండా బండిలో వేసే మన అలవాటు ఆఖరికి ఆ పిల్లాడి వేలి మీదికి వచ్చింది. తోటకొచ్చే ముప్ఫై కుటుంబాలూ తమ ఇంటి తడిచెత్త తామే తెచ్చి గుంటలో వేస్తే అదొక్కటే సగం ఎరువు.

దగ్గర్లోని బడికి కూడా ఒక మడి ఇవ్వండి. 2019లో కేంద్ర విద్యాశాఖ బడుల్లో పోషణ తోటలు పెట్టమని మార్గదర్శకాలు ఇచ్చింది. మా బడిలో గచ్చు తప్ప మట్టే లేదు. ఆరో సంతకం నాది.

కొర్లగుంట_అద్దెఇల్లు

ఆరుగురమయ్యాం! రాత్రి కూర్చుని రాశాను. లాయరు గారూ, దిద్దండి.

"అయ్యా, నగరంలో సొంత నేల లేని కుటుంబాలు కూరగాయలు పండించుకునేందుకు కార్పొరేషన్ ఖాళీ స్థలాల్లో ఒక అరెకరాన్ని ప్రజల తోటగా కేటాయించాలని కోరుతున్నాం. చెరువు, కాలువ పోరంబోకు వద్దు. ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. మడి ఒక్కొక్కటి ఒక సెంటు, 40 చదరపు మీటర్లు. ఏడాది అనుమతి, లాటరీ అందరి ఎదుట. ఒక మడి దగ్గర్లోని బడికి. ఇంటి పన్ను రసీదు అడగరాదు. పంట అమ్మకూడదు. నారు, ఎరువు పొదుపు సంఘాల నుంచి. బోరు, ఇంకుడు గుంట, డ్రిప్పు, లైట్లు, మరుగుదొడ్డి తయారైన తర్వాతే ప్రారంభం చేయాలి."

ఆఖరి వాక్యం నేను మార్చను. బైరాగిపట్టెడ వారు చెప్పిన పార్కులో ముందు ప్రారంభం జరిగింది, మోటారు సంగతి తర్వాత చూద్దామన్నారు.

లాయరు_చిత్తూరు

బాగుంది. "దారులు, బెంచీలు ప్రజలందరికీ తెరిచి ఉంటాయి" అనేది చేర్చండి. "కార్పొరేషన్ అవసరమైతే ఖాళీ చేయించవచ్చు" అని వాళ్లు ఎలాగూ రాస్తారు, "చేతికొచ్చిన పంట కోసుకునే గడువు ఇచ్చి" అని మీరే ముందు రాసేయండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి, నంబరు లేకుండా తిరిగి రావద్దు.

బైరాగిపట్టెడ_వాసి

ఒక్కటి మర్చిపోయారు. తోటమాలి. బోరు, మోటారు, డ్రిప్పు పైపులు చూసుకునే మనిషి, జీతం మీద, ఏడాదంతా. మన పార్కులన్నీ పాడయ్యేది ఇక్కడే. కట్టడానికి నిధులు వస్తాయి, చూసుకునే మనిషికి రావు. సభ్యులు నెలకి యాభై రూపాయలు వేసుకున్నా ముప్ఫై మందికి పదిహేను వందలే, దాంతో జీతం రాదు, కానీ వాల్వు పోతే ఆరోజే మార్చుకోవచ్చు, ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. జీతం కార్పొరేషన్ ఇవ్వాలి, చిల్లర మరమ్మతు మనం చేసుకోవాలి. ఇది రాయండి. ఏడో సంతకం పెడతాను, సోమవారం నేనూ వస్తాను. నా దగ్గర ఆ పార్కు ఫోటోలు ఉన్నాయి, పచ్చగా ఉన్నప్పటివి, ఇప్పటివి, రెండూ తెస్తాను.

కొర్లగుంట_అద్దెఇల్లు

రాశాను సార్. చాలా థ్యాంక్స్. పొద్దున తొమ్మిదిన్నరకి కార్పొరేషన్ ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం. పెద్దక్క నలుగురిని తీసుకొస్తానన్నారు.

మట్టిమనిషి_వడమాలపేట

నాకు ఓటు మా ఊళ్లో, సంతకానికి పనికిరాదు. సోమవారం బజారు అయ్యాక పదింటికి అటే వస్తాను. మా ఇంట్లో నాటు అనప విత్తనం (సొరకాయ కాదు, చిక్కుడు జాతి అనప) దాచిన పొట్లం ఉంది, కిలో దాకా ఉంటుంది. ఈ అనప పగలు తగ్గే రోజుల్లోనే పూస్తుంది, ఇప్పుడు వేసినా నెల తర్వాత వేసినా కాపు చలికాలంలోనే. వాళ్లు స్థలం ఇచ్చేసరికి ఈ ఏడు అదును దాటిపోవచ్చు. అందుకని పొట్లం కొర్లగుంట అక్క చేతికి ఇస్తాను, వేపాకు, బూడిద కలిపి గాజు సీసాలో పెట్టమ్మా, పురుగు పట్టదు, వచ్చే ఏడాదికి మొలుస్తుంది.

కొర్లగుంట_అద్దెఇల్లు

హార్లిక్స్ సీసా కడిగి ఎండలో పెట్టాను అన్నా.